చలి కావలసిన మొక్కలు

ఈ సెప్టెంబరు చివర్లో మా పెరట్లో ఉన్న పియొనీ దుంపని తవ్వి బయటికి తీశాను. 2018లో దాన్ని అక్కడ పాతింది నేనే. ఇన్నేళ్ళలో అది ఒక్క పువ్వు పుయ్యలేదు. ఏటా ఏప్రిల్ ఆఖరుకి ఎర్రటి మొలకలు నేలని చీల్చుకుని వచ్చేవి. జూన్‌కల్లా ఆకులు నిగనిగలాడుతూ మోకాలెత్తు పెరిగేవి. అంతే. వీధిలో మిగతా ఇళ్ళ ముందు దోసెడంత పువ్వులు బరువుకి వంగిపోయి ఉంటే, మాది మాత్రం ఆకులేసుకుని ఊరుకునేది. నేల మంచిది కాదనుకున్నాను. నీడ ఎక్కువైందనుకున్నాను. ఎరువు మార్చాను. తప్పు నా దయలో ఉందని తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది.

దుంప ఇచ్చింది పక్కింటి ఆవిడ. డెబ్భై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. వాళ్ళ నాయనమ్మ పొలం నుంచి వాళ్ళమ్మ తెచ్చుకున్న మొక్కట అది. పియొనీలు యాభై ఏళ్ళు, వందేళ్ళు కూడా బతుకుతాయి. ఇళ్ళు చేతులు మారినా అవి ఉన్నచోటే ఉంటాయి. దుంప మీద గులాబిరంగులో చిన్న మొగ్గలుంటాయి, వాటిని వీళ్ళు కళ్ళు అంటారు. మనం చెరకు గణుపు మీద ఉండేదాన్ని కన్ను అన్నట్టే. 'కళ్ళ మీద రెండంగుళాల కంటే ఎక్కువ మట్టి వెయ్యకు' అని రెండు వేళ్ళు చూపించి మరీ చెప్పింది. శ్రద్ధగా విన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళాక అరడుగు లోతు తవ్వి పాతాను. అప్పటికి హైదరాబాదు నుంచి వచ్చి నెలే అయింది. సెప్టెంబరు గాలికే చెవులు నొప్పెడుతున్నాయి. జనవరిలో సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి పోతుందని అందరూ భయపెడుతున్నారు. కళ్ళున్నదాన్ని రెండు వేళ్ళ మట్టి కింద వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

లోతుగా పాతిన పియొనీ బతుకుతుంది, ఆకులు వేస్తుంది, పుయ్యదు. పైగా పుయ్యాలంటే దానికి వారాల తరబడి చలి తగలాలి. అది చలిని భరిస్తుందనడం సరికాదు. దానికి చలి కావాలి. లైలాక్ అంతే, ఆపిల్ అంతే, తులిప్ అంతే. హైదరాబాదులో పియొనీని ప్రాణంలా చూసుకున్నా పువ్వు రాదు. శీతకాలమంటే అందరికీ కష్టకాలమేనని, అందరూ ఎలాగో గట్టెక్కాల్సినదని నేను అనుకున్నాను. అది నా ఒంటికి తెలిసిన సంగతి. దాన్ని తీసుకుపోయి మొక్కకి కట్టబెట్టాను.

ఇది తోటపనిలో పొరపాటుగానే మిగిలిపోతే ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు. ఎవరినో కాపాడుతున్నామని అనుకున్నప్పుడు నిజానికి ఎవరి చలికి దుప్పటి కప్పుతున్నాం? ఈ ప్రశ్న నన్ను ఈ ఏడాది వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పాలంటే ముందు మొక్కల గురించే ఇంకొంచెం చెప్పాలి.

మేముండేది మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో. అద్దె ఇల్లు, వెనక నాలుగు మంచాలు వేసేంత పెరడు. ఇక్కడ మొక్క కొనేటప్పుడు ముందు చూసేది రంగు కాదు, చీటీ మీద ఉన్న అంకె. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో ఒక పటం వేసింది. ఒక్కో చోట ఏడాది మొత్తంలో అన్నిటికంటే చల్లటి రాత్రి ఎంత చల్లగా ఉంటుందో చూసి, అలాంటి రాత్రుల సగటు కట్టి, దేశాన్ని మండలాలుగా విడగొట్టారు. 2012 పటంలో మా ఊరు 4బి. 1991 నుంచి 2020 వరకు లెక్కలు తీసుకుని 2023లో వేసిన పటంలో 5ఎ. అంటే అన్నిటికంటే చలి రాత్రి సగటున మైనస్ 26 నుంచి మైనస్ 29 డిగ్రీల సెల్సియస్. వాతావరణం వేడెక్కుతోందని మా నర్సరీ చీటీలకి కూడా తెలిసిపోయిందన్నమాట. అయితే మొక్కని చంపేది సగటు కాదు, ఒక్క రాత్రి. మేం వచ్చిన మొదటి శీతకాలంలో, 2019 జనవరి 30న, ఇక్కడ మైనస్ 33 దాకా దిగింది. గిన్నెడు వేడినీళ్ళు గాలిలోకి విసిరితే పొగై పోతున్నాయని పిల్లలు ఆడుకున్నారు. నేను కిటికీలోంచి పియొనీ ఉన్నచోటు చూసి, ఎంత మంచి పని చేశానో అనుకున్నాను.

తోటల భాషలో మొక్కలు రెండు రకాలు. చలికి ఆగేవి హార్డీ, ఆగనివి టెండర్. ఆ మాటలు వినగానే నాలోని సాహిత్య విద్యార్థి లేచి కూర్చుంది. మొదటిదానికి మన దగ్గర మంచి మాటుంది, గట్టి పిండం. మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఆ మాట ఎవరిని అంటారో నాకు బాగా గుర్తు. ఎవరూ పెద్దగా పట్టించుకోకపోయినా బతికి బట్టకట్టిన ఆడపిల్లని. మందూ మాకూ మగపిల్లాడికి పోగా మిగిలినదాంతో లేచి తిరిగిన పిల్లని. అది మెచ్చుకోలులాగే వినిపిస్తుంది. కానీ గట్టి పిండం అని పేరు పడ్డాక ఆ మనిషికి ఇక ఏమీ చెయ్యక్కర్లేదన్న అనుమతి కూడా అందులో ఉంది. రెండోది సుకుమారం. దాని చరిత్ర మన కావ్యాల నిండా ఉంది, నేను చెప్పక్కర్లేదు. శాకుంతలంలో శకుంతల చెట్లని తోబుట్టువులనుకుంటుంది, వాటికి నీళ్ళు పొయ్యకుండా తను గుక్కెడు తాగదు, వనజ్యోత్స్న అని తను పేరుపెట్టుకున్న మల్లెతీగ దగ్గర సెలవు తీసుకుని మరీ వెళ్తుంది. ఆమెకి తీగ తోబుట్టువు. చాటునుంచి చూస్తున్న రాజుకి ఆమే తీగ, పెదవి చిగురు, చేతులు కొమ్మలు. పరిశోధన రోజుల్లో ఈ తేడా మీద ఇరవై పేజీలు రాశాను. మొక్కని చూసే చూపులు రెండని అప్పుడు కాగితం మీద బాగానే తెలిసింది.

గట్టితనం ఎప్పుడూ సద్గుణమే అనుకోవడానికి కూడా వీల్లేదు. బక్‌థార్న్ అని ఒక పొద ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో యూరపు నుంచి ఇళ్ళ చుట్టూ కంచెకోసం తెచ్చారు. ఏ చలికీ చావదు, ఏ నీడకీ బెదరదు. అది అడవుల్లో చొరబడి మిగతా మొలకలని బతకనివ్వడం లేదని తెలిసి 1930ల్లో నర్సరీలు అమ్మడం మానేశాయి. ఈనాటికీ జనం దాన్ని పీకుతూనే ఉన్నారు. లూజ్‌స్ట్రైఫ్ అని ఊదారంగు పువ్వుల మొక్క, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. చిత్తడినేలలని మింగేస్తోందని మిన్నెసోటా 1987లో దాన్ని హానికర కలుపుగా ప్రకటించింది. మనకిది కొత్త కాదు. 1950ల్లో పుణె దగ్గర కనబడి దేశమంతా పాకిన పార్థీనియం అమెరికా గోధుమలతో పాటు వచ్చిందని చెబుతారు. ముట్టుకుంటే దద్దుర్లు, పీలిస్తే ఆయాసం. ఆ దరిద్రపు కలుపుకి మనవాళ్ళు పెట్టిన పేరేమిటి? వయ్యారిభామ! చేనుని పాడుచేసేది ఏదైనా దానికి నడుమూ నడకా అంటగట్టందే మన భాషకి తోచదు.

ఇక్కడి తోటల పుస్తకాల్లో ఈ మొక్కలని ఏలియన్ అంటారు. అదే మాట నా పన్ను కాగితాల మీద నా పేరు పక్కన కూడా ఉంటుంది. మొదట్లో ఇది చూసి చాలా కోపం తెచ్చుకున్నాను. స్థానిక మొక్కలే నాటండి, పరాయివాటిని పెరికెయ్యండి అనే ప్రచారమంతా సరిహద్దు దగ్గర కాపలావాళ్ళ గొంతులాగే వినబడింది. ఆ గొంతు అందులో అసలు లేదని ఇప్పటికీ అనను. పైగా ఇక్కడ స్థానికం అనే మాట ఎవరి నోట వస్తోందో చూడాలి. మిన్నెసోటా అనేది డకోటా ప్రజల మాట. 1862 యుద్ధం తరవాత డిసెంబరు 26న మాన్‌కేటోలో 38 మంది డకోటా పురుషులని ఒకేసారి ఉరితీశారు. మరుసటేడు మిగిలినవాళ్ళని రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టారు. ఆ నేలలో నాయనమ్మల కాలంనాటి పియొనీ పాతుకుంటే అది మా వంశపు మొక్క అయింది. దాని పుట్టిల్లేమో చైనా, సైబీరియా. మా వీధిని మే నెలంతా పరిమళింపజేసే లైలాక్‌ది బాల్కన్ కొండలు.

అయినా కోపంతో అన్నీ తేలవు. ఒక వేసవిలో బస్టాపు పక్క ఖాళీ స్థలంలో నిలువెత్తు మొక్క ఒకటి కనబడింది. మందంగా, మెత్తగా ఉన్న ఆకు తుంచితే తెల్లటి పాలు కారాయి. మన జిల్లేడు! జిల్లేడు కాదు, మిల్క్‌వీడ్. కానీ అదే కుటుంబం. మన జిల్లేడు మీద నారింజరంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టినట్టే దీని మీద దాని పెద్దక్కలాంటి మోనార్క్ గుడ్లు పెడుతుంది. మోనార్క్ పురుగు ఈ జాతి ఆకు తప్ప ఇంకేదీ తినదు. ఆ పాలలోని విషమే ఒంటికి పట్టించుకుని పిట్టలనుంచి తప్పించుకుంటుంది. ఇక్కడ పెరిగి మెక్సికో కొండల దాకా ఎగిరిపోతుంది. మిల్క్‌వీడ్ లేకపోతే అది లేదు. నా ఏలియన్ వాదం ఆ పురుగుకి వినిపించి ఏం లాభం? నా భాషలో పరాయి అన్న మాట తగలడం వేరు, ఏ పురుగు దేన్ని తిని బతుకుతుందన్నది వేరు. (ఆ మొక్క శాస్త్రీయ నామంలో సిరియా ఉంది. సిరియా మొక్కనుకుని పొరపాటున పెట్టారు. స్థానికురాలికే పరాయి పేరు!)

గింజలు కోసుకొచ్చి, ఫ్రిజ్‌లో పెట్టడమెందుకని డబ్బాలో దాచి, మే నెలలో చక్కగా వెచ్చటి నేలలో చల్లాను. ఒక్కటి మొలవలేదు. మళ్ళీ అదే. ఆ గింజకి తడిలో కొన్ని వారాల చలి కావాలి. మరుసటేడు నవంబరులో చల్లి, మంచుకి వదిలేశాను. జూన్‌లో మొలిచాయి.

ఇంకో సంగతి. శీతకాలం ముందు మొక్కల మొదళ్ళ మీద గడ్డీ ఎండుటాకులూ కప్పుతారు. వెచ్చగా ఉండటానికని నేను అక్టోబరులోనే కప్పేదాన్ని. నిజానికి నేల గడ్డకట్టాక కప్పాలి. ఆ కప్పు చలిని ఆపడానికి కాదు, చలి చెదిరిపోకుండా నిలపడానికి. ఫిబ్రవరిలో, మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నేల ఉబ్బి వేళ్ళని పైకి తన్నేస్తుంది. మొక్కకి ప్రమాదం చలి కంటే ఆ ఊగిసలాటలోనే ఎక్కువ. మంచు దట్టంగా పడిన ఏడాది మొక్కలు క్షేమం. మంచు పడని చలే చంపుతుంది. తెల్లటి మంచుని చూసి అయ్యో అనుకున్న నా అయ్యోలన్నీ వృథా అయ్యాయి.

ఇక నా అసలు మొక్క, కిటికీలో ఉన్నది. కరివేపాకు.

దీన్ని మోసుకుని రాకూడదు. కరివేపమీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లని చంపే తెగులు మోస్తుంది. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి తోటలు ఎంత నష్టపోయాయో చదివితే, విమానాశ్రయంలో మన సంచులు వెతికేవాళ్ళ మీద కోపం కొంచెం తగ్గుతుంది. నేను ఇక్కడే ఒక మొలక కొనుక్కున్నాను. దాని శాస్త్రీయ నామంలో కోనిగ్ అనే ఒకాయన ఉన్నాడు. లినేయస్ శిష్యుడు, తరంగంబాడిలో డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చి, తరవాత ఆర్కాటు నవాబు దగ్గరా కంపెనీ దగ్గరా పనిచేసి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. లినేయస్ 1771లో ఆయన పేరు మన కరివేపకి పెట్టాడు. కోనిగ్‌కి వైద్యం చేసిన రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథం తయారుచేశాడు, మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మా అమ్మ పుట్టిల్లు సామర్లకోటకి దగ్గరే. ఆ తెలుగు పేర్లు ఆయనకి ఎవరో చెప్పివుంటారు. ఏ పెరట్లో, ఏ అమ్మ, దేనికి వాడతారో కూడా చెప్పిందో! అలా చెప్పినవాళ్ళ పేరు ఏ ఆకుకీ అంటలేదు. జమైకా కింకెయిడ్ 1999లో తన తోట మీద రాసిన పుస్తకం నిండా ఈ కోపమే. ఆంటిగ్వాలో పుట్టి వెర్మాంట్ చలిలో తోట వేసుకున్న రచయిత్రి ఆమె. తోట పెంచడానికీ, జయించి పేర్లు పెట్టడానికీ ఉన్న చుట్టరికాన్ని ఆమె చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదు. ఆమె వేసుకున్న పూలమళ్ళు చివరికి కరీబియన్ పటంలా తేలాయట. నా తోట ఏ పటంలానూ లేదు. నాకున్నది ఒక కుండీ.

కరివేపకి ఇక్కడ ఎనిమిది నెలలు జైలు. మే నెల మధ్య దాకా రాత్రి మంచు భయం. రాత్రిపూట పది డిగ్రీల పైన నిలిచాక బయట పెట్టాలి, సెప్టెంబరులో లోపలికి తేవాలి. డిసెంబరులో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. నాలుగున్నరకి సూర్యుడు అస్తమిస్తాడు. హీటరు గాలికి ఆకు పొడిబారుతుంది, నల్లి పడుతుంది, ఆకులు పసుపై రాలిపోతాయి. మొదటి మొక్క ఆకులు రాలుస్తుంటే ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టి చంపాను. రెండోదాన్ని కొన్నాను. చారులోకి రెండు రెబ్బలు కావాలంటే ఎండబెట్టి అమ్మేవి దొరుకుతాయి. నాకు కావలసింది చారు కాదని నాకు తెలుసు. నాకు ఆ వాసన, ఆ చెట్టు, దాని వెనక ఉన్న పెరడు కావాలి. నా బెంగని మోయడానికి ఒక ప్రాణిని చీకట్లో నిలబెట్టాను. అది న్యాయమా?

2022 నవంబరులో అమ్మ వచ్చింది. మొదటి పురుడు. పూర్వం కూతురు పుట్టింటికి పోయేది, ఇప్పుడు పుట్టిల్లే కట్టగట్టుకుని విమానమెక్కి వస్తుంది. వాముపొడి, కాయం, నడుంకట్టుకి పాత చీరలు. విజిటర్ వీసా, ఆరు నెలలు. మన ఆడవాళ్ళు విదేశాల్లో సాధించిన చదువులు, ఉద్యోగాలు, రాసిన పుస్తకాల వెనక ఇలా ఆరేసి నెలల చొప్పున అమ్మలూ అత్తగార్లూ పరచిన శ్రమ ఎంతో ఎవరైనా లెక్కకట్టాలి. విజిటరుగా వచ్చిన మా అమ్మ చూసినది మా వంటగది. నవంబరు నుంచి మార్చి ఆఖరుదాకా ఆమె గడప దాటినది ఐదుసార్లు, అందులో మూడు ఆసుపత్రికే. జారిపడుతుందని నేనే వద్దనేదాన్ని. డిసెంబరులో పాప పుట్టింది. పన్నెండు వారాలకి నేను పనిలోకి వెళ్ళాను. స్త్రీల శ్రమ మీద రాసిన వ్యాసాన్నొకదాన్ని, లోపల అమ్మ పాపని జోకొడుతుంటే, ఆ చలికాలంలోనే పూర్తిచేశాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ తీసెయ్యను.

అమ్మ వచ్చేసరికి కరివేప ఒక్క ఆకు లేకుండా పుల్లలా ఉంది. పారేస్తానన్నాను. అమ్మ గోటితో కాండాన్ని గీరింది. లోపల పచ్చగా ఉంది. "చావలేదే, పడుకుంది. దాన్నలా వదిలెయ్యి, నీళ్ళు పొయ్యకు" అంది. రెండు వారాలకొకసారి గ్లాసుడు నీళ్ళు, అంతే. మార్చిలో చిగురొచ్చింది. ఆకు లేక అమ్మ చారు చప్పగా తిన్నది కానీ ఆ చిగురు తుంచనివ్వలేదు.

అదే నెలల్లో అమ్మ మాట్లాడటం తగ్గించింది. కిటికీ దగ్గర, కుండీ పక్కన కూర్చునేది. "బానే ఉన్నావా అమ్మా" అంటే "నాకేంటే" అనేది. ఒకరోజు తెల్లవారుజామున లేచి వస్తుంటే ఫోన్లో పిన్నితో అంటోంది, "రోజులు లెక్కెట్టుకుంటన్నానే" అని. నేను విన్నట్టు అమ్మకి తెలియదు. వెనక్కి నడిచి గదిలోకి వెళ్ళి పడుకున్నాను. అప్పటికింకా నాకు రెండు నెలలు అమ్మ కావాలి. అందుకని వినలేదు. పియొనీ విషయంలో నాకు తెలియక తప్పు చేశాను. ఇక్కడ తెలిసే చేశాను.

ఇప్పుడొక ప్రమాదముంది. అమ్మనీ కరివేపనీ ఒకే కిటికీలో కూర్చోబెట్టి, ఇదిగో ఉపమానం అనేస్తే వ్యాసం అందంగా ముగుస్తుంది. కానీ ఆడవాళ్ళని తీగలూ పూలూ చేసిన కవుల మీద ఇరవై పేజీలు రాసినదాన్ని అదే పని చెయ్యలేను. అమ్మ మొక్క కాదు. మొక్క అబద్ధమాడదు, నచ్చకపోతే ఆకు రాలుస్తుంది. అమ్మ "నాకేంటే" అంటుంది. జోన్ ట్రాంటో 1993లో రాసిన 'మోరల్ బౌండరీస్'లో సంరక్షణకి నాలుగు నైతిక లక్షణాలు చెప్పింది. అవసరాన్ని గమనించడం, బాధ్యత తీసుకోవడం, ఆ పని చేతనవడం, అందుకున్నవాళ్ళ స్పందనని పట్టించుకోవడం. మొదటి రెండూ మన ఆడవాళ్ళకి ఉగ్గుపాలతోనే వస్తాయని లోకం నమ్మకం. మూడోదాన్ని, అంటే మంచి మనసుంటే సరిపోదు, చేతకావాలి అన్నదాన్ని, పియొనీ దగ్గర నేర్చుకున్నాను. నాలుగోది అన్నిటికంటే కష్టం. ఎందుకంటే "నాకేంటే" అనేదే అమ్మలకి మనం నేర్పిన స్పందన. దాన్ని నమ్మడం మనకి సౌకర్యం. గట్టి పిండం అని మొక్కకి అంకె వేసినట్టు, అమ్మకి ఓ అంకె వేసేశాం.

ఇక్కడ గులాబీల గురించి ఒక పద్ధతుంది, మిన్నెసోటా టిప్ అంటారు. సుకుమారమైన గులాబీ పొదని అక్టోబరులో తాడుతో బిగించి కట్టి, ఒక పక్క వేళ్ళు వదులుచేసి, పక్కనే తవ్విన గోతిలోకి మొత్తం పొదని వంచి, మట్టీ ఆకులూ కప్పేస్తారు. ఏప్రిల్లో లేపి నిలబెడతారు. పక్కింటావిడ ముప్ఫై ఏళ్ళు చేసింది. ఓ ఏడాది మానేసి, చలికి ఆగే పొదగులాబీలు వేసుకుంది. ఎందుకు మానేశారని అడిగాను. "నడుం నొప్పి" అంది. తరవాత ఒక క్షణం ఆగి, "ఆ గులాబీలు నాకు కావాలి, వాటికి ఇక్కడ ఉండాలని లేదు" అంది. ఆవిడ ట్రాంటోని చదివివుండదు.

అంటే చలికి ఆగేవి మాత్రమే పెంచుకుని, కరివేపని ఎవరికైనా ఇచ్చెయ్యాలా? ఆలోచించాను. ఇవ్వలేదు. దానికి దీపం కొన్నాను, శీతకాలంలో నీళ్ళు మానేశాను, ఎరువు మానేశాను, ఆకు అడగడం మానేశాను. ఇది సమర్థనే కావచ్చు. నా బెంగ ఖరీదులో కొంతైనా నేను కట్టాలని మాత్రం అనుకున్నాను.

ఈ జనవరిలో నాకు రెండో పురుడు. వేసవి నుంచే ఇంట్లో మాట, నవంబరుకి టికెట్లు ఎప్పుడు చెయ్యాలి అని. అమ్మని అడగాలి అని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. అమ్మ రాదన్న ఊహే మా లెక్కల్లో లేదు. పియొనీని తవ్విన రోజు రాత్రి మా ఆయనతో కూర్చుని లెక్క వేశాం. ఆయన సెలవు ఎన్ని వారాలు, నా సెలవు ఎన్ని, రోజుకి కొన్ని గంటలు సాయానికి ఒకామెని పెట్టుకుంటే ఎంత అవుతుంది, పెద్దదాన్ని డేకేర్లో ఎన్నాళ్ళు. ముందు అమ్మ లేకుండా గడిచే ఏర్పాటు చేసి, అప్పుడు అడిగితేనే అది అడగడమవుతుంది. చాలా ఖర్చు. అమ్మ శ్రమ విలువ మొదటిసారి అంకెల్లో కనబడింది.

ఫోన్ చేశాను. "అమ్మా, చలికాలం నీకు కష్టమైంది కదా. నువ్వు రాకపోయినా గడుస్తుంది. నీకెలా ఉంటే అలా" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "రావద్దంటన్నావా?" అంది. కాదంటే నమ్మలేదు. ఫోన్ పెట్టేసింది. ఎంత జాగ్రత్తగా కూర్చుకున్న మాటలో! దయకి ముందు మాటలు వెతుక్కున్నట్టే దీనికీ వెతుక్కున్నాను, అవీ తప్పాయి. ఆ రెండు రోజులు నాన్న మాత్రమే ఫోనెత్తాడు.

మూడో రోజు అమ్మే చేసింది. గొంతులో కోపం అలాగే ఉంది. "ఆ చలి నావల్ల కాదే. అప్పుడు చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు. జూన్లో వత్తాను. పిల్లల్ని ఆడిత్తాను. వంట మాత్రం అల్లుడు చెయ్యాలి."

నేను నవ్వాను, ఏడిచాను కూడా. జనవరిలో నాకు అమ్మ ఉండదు. సులువుగా తీసుకోలేకపోయాను, ఇప్పటికీ రాత్రిళ్ళు భయమేస్తుంది. పోనీ రమ్మని ఏడిస్తే వచ్చేస్తుందని కూడా తెలుసు.

పియొనీ దుంపని మూడు ముక్కలు చేశాను, ఒక్కోదానికి నాలుగైదు కళ్ళు ఉండేట్టు. ఒకటి పక్కింటావిడకి తిరిగిచ్చాను, పాతింది ఎంత లోతులోనో కూడా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, రెండు వేళ్ళు చూపించింది. మిగతా రెండూ రెండంగుళాల మట్టి కింద పెట్టాను. ఈసారి పైన ఏమీ కప్పలేదు, నేల గడ్డకట్టేదాకా ఆగుతున్నాను.

ఫోన్ పెట్టేసేముందు అమ్మ అడిగింది, "ఆ పువ్వు నేనొచ్చేసరికైనా పూత్తదా?" అని. కదిపిన పియొనీ కుదురుకోవడానికి మామూలుగా ఒకటి రెండేళ్ళు పడుతుంది. వచ్చే జూన్‌కి పుయ్యదు. ఆ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.